బూర ఊదితే చెయ్యి జారింది
(విజయనగరంలో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల ముందు ఒక పిల్లల డాక్టర్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టారు, మీకు కునుకు పట్టక ముందే విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ల కిందట సిరిమాను సంబరం మర్నాడు ఒక తల్లి ఆరేళ్ల పాపను తీసుకొచ్చింది. సంబరంలో కొన్న బూర ఊదుతూ ఊదుతూ పాప దాన్ని జారవిడిచిందట. కుడి చెయ్యి వేలాడిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా మామూలే. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు. అంతకుముందూ రెండుసార్లు ఇలాగే అయితే ఒకచోట ఫిట్స్ అన్నారు, ఇంకోచోట సీటీ స్కాన్ బాగానే ఉంది, బడి ఎగ్గొట్టడానికి నాటకం అన్నారు. నేనూ ఫిట్స్ మందే రాయబోయాను. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మమ్మ, "వేడన్నం ఊదుకున్నా ఇలాగే అవుతాది బాబూ" అంది. నా పెన్ను ఆగిపోయింది.

ఆ జబ్బు పేరు మొయామొయా. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు పుర్రె లోపల మెల్లగా సన్నబడిపోతాయి. ఆ లోటు తీర్చడానికి వెంట్రుకల్లాంటి నాళాలు పుట్టుకొస్తాయి. యాంజియోగ్రామ్‌లో అవి మన ముసలమ్మలు వదిలే చుట్టపొగలా కనిపిస్తాయి. పొగను గుర్తుచేసే ఆ పేరు 1969లో జపాన్ డాక్టర్లు పెట్టారు. ఆర్‌ఎన్‌ఎఫ్213 అనే జన్యువుతో సంబంధం 2011లో బయటపడింది. ఆ జన్యువులో తేడా ఉన్న అందరికీ జబ్బు రాదు. కాబట్టి తల్లిని ఆడిపోసుకోనివ్వకండి.

మరి బూరకేం సంబంధం? గట్టిగా ఊదినా, వెక్కివెక్కి ఏడ్చినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడులో నాళాలు ముడుచుకుంటాయి. మనకేం కాదు. ఈ బిడ్డకు అసలే చాలీచాలని రక్తం, ఆ కాసేపు అదీ అందదు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా ప్రమాదమే.

అందుకే చెయ్యో కాలో పడిపోయిందనగానే, "అప్పుడు బిడ్డ ఏం చేస్తోంది?" అని అడగండి. ఒకసారి కుడి, ఇంకోసారి ఎడమ అంటే మరీ అనుమానించాలి. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లల్లోనూ నాళాలు ఇలా మారవచ్చు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లోనూ అంతే.

మీ కళ్లముందే జరిగితే 108కి ఫోన్ చేయండి. తగ్గిపోయిందని వదిలేస్తే రేపు నిజంగానే పక్షవాతం రావచ్చు. సీటీ ఒక్కటే చాలదు, ఎంఆర్‌ఐతో పాటు రక్తనాళాలను చూపించే ఎంఆర్‌ఏ కూడా కావాలి. పసరు మందుకని తిప్పుతూ నెలలు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దీనికి ఆపరేషన్ ఉంది. నెత్తి చర్మానికి వెళ్లే ధమనిని మెదడు మీదకు మళ్లిస్తారు, కొన్ని నెలల్లో అక్కడ కొత్త నాళాలు పెరుగుతాయి. ఆ పాపకి రెండువైపులా చేశారు.

వీలైతే ఫోన్లో వీడియో తీయమనండి, మాకు చాలా పనికొస్తుంది. అంతేగానీ మాకు చూపించడానికని బిడ్డను ఏడిపించనివ్వకండి. ఒక తండ్రి నా గదిలోనే, "చూడండి సార్" అంటూ పాప చేతిలో బిస్కెట్ లాక్కోబోయాడు. కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.