పలచన చేస్తేనే ఊరే దుంప

మిద్దెతోట మిత్రులందరికీ నమస్కారం.

టర్నిప్ అనగానే అది చలిదేశాల పంట, మనకు రాదు అనేస్తారు చాలామంది. హైదరాబాదు పాతబస్తీలో షల్గం అని అడగండి, చలికాలంలో మాంసంతో కలిపి వండుకునే కూర అది. మన మిద్దె మీద కూడా బాగా వస్తుంది. కాకపోతే అదును తప్పకూడదు. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో గింజ పడాలి. సంక్రాంతి దాటాక వేస్తే ఎండ ముదిరి దుంప ఘాటెక్కుతుంది, పీచు పడుతుంది. విత్తనాల్లో పూసా స్వేతి అనే రకం అడగండి. కాస్త వేడికి ఓర్చుకుని, నలభై అయిదు రోజుల్లో చేతికొస్తుంది.

మట్టి, ఎరువు సంగతి మీకు తెలిసిందే. పశువుల ఎరువు బాగా మాగినదై ఉండాలి. నత్రజని ఎక్కువైతే ఆకే ఏపుగా పెరుగుతుంది. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచేస్తే దుంప పగులుతుంది. నారు పోసి నాటొద్దు, నేరుగా టబ్బులోనే విత్తండి.

ఇక నేను అసలు చెప్పాలని వచ్చింది పలచన చేయడం గురించి. మొదటి ఏడాది నా టబ్బులో గింజలన్నీ మొలిచాయి. పచ్చగా, ఒత్తుగా, చూడముచ్చటగా ఉంటే ఒక్కటి పీకడానికి కూడా మనసొప్పలేదు. యాభై రోజులకు ఆకు మోకాలెత్తు పెరిగింది. తవ్వి చూస్తే కింద చిటికెనవేలంత వేరు! కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతి ఏడాది మూడు నాలుగు ఆకులు రాగానే కత్తెర పట్టుకుని కూర్చున్నాను. మొక్కకూ మొక్కకూ నాలుగంగుళాల ఎడం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు టబ్బులో పద్దెనిమిదే మిగిల్చాను. పీకితే పక్కమొక్క వేరు కదులుతుంది కాబట్టి మట్టి దగ్గర కత్తిరించాను. చేతులకు ఆవఘాటు వాసన, ఎంతైనా ఆవాల కుటుంబమే కదా. కత్తిరించిన లేతాకు ఆ పూటే పప్పులో వేశాం.

ఆకుల అడుగున పేనుబంక కనిపిస్తే మొదట నీళ్లు గట్టిగా చిమ్మండి, తగ్గకపోతే వేపనూనె కొట్టండి. దుంప భుజం మట్టి పైకి తేలి ఊదారంగు కనిపించినా, తెల్లగా ఉన్నా కంగారు పడొద్దు, అది రకాన్ని బట్టి ఉంటుంది. నిమ్మకాయ కన్నా పెద్దగా, క్రికెట్ బంతి కన్నా చిన్నగా ఉన్నప్పుడే తీసేయండి.

ఆ బల్ల మీద విత్తనాల పొట్లాలు పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. ఒక టబ్బుకు చిటికెడు కూడా ఎక్కువే, మిగతావి పక్కింటివాళ్లకు ఇవ్వండి.