కొటేషన్‌లో కనపడని ఇల్లు

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టబోయేవాళ్లు మా సివిల్ ఇంజినీర్లను మొట్టమొదట అడిగేది ఒక్కటే: "అడుగుకి ఎంత పడుతుందండీ?" ఏ అడుగు అని నేను తిరిగి అడుగుతాను. కాంట్రాక్టరు కొలిచేది శ్లాబు. బాల్కనీ, పోర్టికో, మెట్ల మీది హెడ్‌రూమ్ కూడా అందులో పడతాయి. మీ మనసులో ఉన్నది గదుల కొలత. ముగ్గు పోయకముందే ఇద్దరి లెక్కా వేరైపోయింది. దేన్ని పూర్తిగా కొలుస్తారో, దేన్ని సగమే లెక్కేస్తారో అగ్రిమెంటులో రాయించుకోండి.

ఇక ఆ రేటు మామూలుగా గోడల లోపలి ఇంటికే. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, గేటు, కరెంటు మీటరు, కప్‌బోర్డులు... చాలా కొటేషన్లలో వీటి ఊసే ఉండదు. ఒక్క ప్రహరీనే తీసుకోండి. 30 బై 40 స్థలం, అంటే 133 గజాలు. చుట్టుకొలత 140 అడుగులు. గేటుకి పది తీసేసినా 130. ఐదడుగుల ఎత్తు లేపితే 650 చదరపు అడుగుల గోడ. రెండు వైపులా ప్లాస్టరింగ్ అంటే 1300. దానికీ పునాది, పిల్లర్లు, రంగులు. "పక్కవాళ్ల గోడ ఉందిగా సార్" అంటారు. వాళ్ల హద్దులో ఉంటే అది వాళ్లదే, రేపు పడగొట్టుకున్నా మీరు అడగలేరు.

భూమిలోకి పోయే డబ్బు ఇంకో కథ. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. గట్టి నేల తగిలేదాకా దిగాల్సిందే. కొటేషన్‌లో ఐదడుగులు రాసి గుంత ఎనిమిది అడుగులకి పోతే, ఆ మూడడుగుల తవ్వకం, కాంక్రీటు, స్టీలు మీ ఖాతాలోకే వస్తాయి. మట్టి పరీక్ష దండగ అనేవాళ్లే టైల్స్ షాపులో అడుగుకి ఇరవై ఎక్కువైనా సరేనంటారు, అదేం లెక్కో! రోడ్డు ఎత్తు పెరుగుతుందని బేస్‌మెంటు, అంటే ఇంటి నేల మట్టం, ఒక్క అడుగు లేపమన్నారనుకోండి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి వెయ్యి ఘనపుటడుగుల మట్టి, అంటే యూనిట్‌కి వంద చొప్పున పది యూనిట్లు. నీళ్లు పెట్టి దిమ్మిస కొడితే అణిగిపోతుంది, మళ్లీ తోలించాలి.

కట్టడం ఖర్చు చట్టం పెట్టిన పరిమితి దాటితే సొంతిల్లయినా లేబర్ సెస్, అంటే కూలీల సంక్షేమానికి కట్టే పన్ను, ఉంటుంది. ప్లాన్ ఫీజుల్లో చూసి ఉలిక్కిపడకండి.

లోన్ మాటకొస్తే, 30 లక్షల లోపు అప్పుకి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం వరకే ఇవ్వొచ్చు, ఆపైన 75 లక్షల దాకా 80 శాతం. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దులు. అదీ పని జరిగేకొద్దీ విడతలుగా వస్తుంది, కాబట్టి మొదట చేతి డబ్బే కదలాలి. 20 లక్షలు విడుదలయ్యాయి, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకు 14 వేల పైచిలుకు వడ్డీయే. అద్దె ఎలాగూ కడుతూనే ఉంటారు. కూలీలు సంక్రాంతికి ఊరెళ్లి నెల దాకా రాకపోయినా ఈ రెండూ ఆగవు. ఆరు నెలల్లో గృహప్రవేశం అన్న కాంట్రాక్టరు మాటకి నేనైతే ఇంకో నాలుగు నెలలు కలుపుకుంటాను.

కొటేషన్లు తెచ్చుకున్నవాళ్లు ఇలా ఇవ్వండి. ముందు చివరి పేజీ తిప్పి, ఏవేవి కలపలేదో రాశారో లేదో చూద్దాం.