కింది మంచం అడగండి

అందరికీ నమస్కారం. కుర్చీల్లో కాస్త వెనక్కి వాలి సుఖంగా కూర్చోండి. నేను చెప్పబోయే చోట ఇంత సుఖం ఉండదు.

వీపున సంచి, తోడు లేని ప్రయాణం, రాత్రికి హాస్టల్లో ఒక మంచం. రిటైరయ్యాక నేను ఎంచుకున్న పద్ధతి ఇది. హాస్టల్ అంటే చదువుకునే పిల్లలు ఉండేది కాదు, గది బదులు మంచం అద్దెకిచ్చే బస. ఒక్కో గదిలో నాలుగో, ఎనిమిదో, పన్నెండో మంచాలు ఒకదాని మీద ఒకటి అమర్చి ఉంటాయి. స్నానాల గది, వంటగది, కూర్చునే హాలు అన్నీ ఉమ్మడే.

"అది కుర్రకారు చోటు, నీకెందుకు?" అని నన్ను అడగని వాళ్ళు లేరు. పుట్టుక చూస్తే ఆ మాట నిజమే. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన వెళ్తుంటే పెద్ద గాలివాన వచ్చింది. అందరూ ఓ పల్లెలోని బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా పడుండే బళ్ళన్నీ ఇలా నడిచే పిల్లలకు రాత్రి బసలైతే ఎంత బాగుంటుందని ఆయనకు తట్టింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ వెలిసింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. తొలి ఏళ్ళలో దానికి అధ్యక్షుడు షిర్మనే. అప్పటికి ఆయన అరవైకి చేరువలో ఉన్నాడు, ఆ సంగతి నాకు భలే నచ్చుతుంది.

వయసు పట్టింపు ఉన్న రోజులూ ఉన్నాయి. జర్మనీలోని బవేరియాలో చాలాకాలం 26 దాటినవాళ్ళకు యూత్ హాస్టల్లో మామూలుగా చోటిచ్చేవారు కాదు. తర్వాత ఆ నియమం తీసేశారు. ఈనాటి ప్రైవేటు హాస్టళ్ళలో చాలావాటికి పరిమితి లేదు, కొన్ని మాత్రం 35 అనో 40 అనో 45 అనో గీత గీస్తాయి. ఆ మాట బుకింగ్ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టకముందే చదవండి. పరిమితి పెట్టిన చోటుతో వాదించకండి, పక్క వీధిలో మరోటి ఉంటుంది. 'పార్టీ హాస్టల్' అని వాళ్ళే రాసుకున్న చోటికి వెళ్ళి రాత్రి రెండింటికి పాటలేమిటని నిలదీయడం కూడా న్యాయం కాదు.

ఇప్పుడు అసలు విషయం, రాత్రి. అరవై దాటిన ఒంటికి డార్మిటరీలో కష్టమంతా రాత్రిపూటే. పై మంచానికి ఇనుప నిచ్చెన ఉంటుంది, మెట్లు సన్నగా గుండ్రంగా ఉండి అరికాలిలో గుచ్చుకుంటాయి. పగలు ఎక్కడం పెద్ద పనేం కాదు. నడిరాత్రి మూత్రానికని సగం నిద్రలో, చీకట్లో, వెనక్కి తిరిగి దిగాలి చూడండి, అక్కడుంది ప్రమాదం. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, చీకటికి చూపు అలవాటు పడడం ఆలస్యమవుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు ఒక్కసారిగా లేస్తే తల తిరగొచ్చు. ఈ మూడూ ఆ నిచ్చెన మీద కలిశాయంటే తుంటి ఎముక సంగతి మీరే ఊహించుకోండి.

అందుకని కింది మంచం అడగండి. మొహమాటపడకుండా, సంజాయిషీ ఇవ్వకుండా అడగండి. బుక్ చేసిన రోజే ఒక సందేశం పంపండి, దిగాక రిసెప్షన్‌లో మళ్ళీ చెప్పండి. సాయంత్రానికి కింది మంచాలన్నీ నిండిపోతాయి, కాబట్టి మధ్యాహ్నం గదులు ఇచ్చే వేళకల్లా చేరుకోవడం మేలు. కొత్త ఊళ్ళో వెలుగుండగా దారి వెతుక్కోవచ్చన్న లాభం ఎలాగూ ఉంది. ఒకవేళ పై మంచమే మిగిలితే, కింద ఉన్న కుర్రాణ్ణో అమ్మాయినో అడిగితే సరి. నేను అడిగినప్పుడల్లా మారారు. వాళ్ళకు నిచ్చెన ఒక లెక్కా?

అడగాల్సింది అడగమన్నాను కదా, ఇక మానుకోవాల్సింది ఒకటుంది: పెద్దరికం. నా ఉద్దేశంలో హాస్టల్లో ఇమడలేని పెద్దవాళ్ళకు అడ్డుపడేది మోకాళ్ళు కాదు, ఇదే. అక్కడ ఇరవై ఏళ్ళ పిల్ల మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది. మీరు ఏ హోదాలో రిటైరయ్యారో ఎవరూ అడగరు. ఎవరైనా ఉద్యోగం మానేసి తిరుగుతున్నానంటే "అలా ఎలా కుదురుతుంది బాబూ" అని మొదలుపెట్టామా, ఆ బల్ల దగ్గర మన పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది. తప్పు వాళ్ళది కాదు. అలాంటి మాటలు తప్పించుకునేగా వాళ్ళూ బయల్దేరింది! వినండి, దారి అడగండి, ఫోన్‌లో మ్యాప్ ఎలా దాచుకోవాలో నేర్పించుకోండి. వంటగదిలో గిన్నె కడిగి బోర్లించండి. అంతకుమించిన పరిచయపత్రం అక్కడ అక్కర్లేదు.

గురక మాటా చెప్పుకోవాలి, ఎందుకంటే గురక పెట్టేది ఎక్కువగా మనమే. ఇయర్‌ప్లగ్స్ మీకొక జత, పక్కమంచం వాళ్ళకివ్వడానికి మరో జత ఉంచుకోండి. గట్టిగా గురకపెట్టే అలవాటుంటే డార్మిటరీ మానేసి, అదే హాస్టల్లో ఒంటరి గది తీసుకోవడం మర్యాద. చాలా హాస్టళ్ళలో అవి ఉంటాయి, హాలూ వంటగదీ ఎలాగూ అందరితోపాటే. స్లీప్ ఆప్నియాకు, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బుకు, మాస్కుతో గాలి పంపే సీపాప్ మెషిన్ వాడేవాళ్ళు మంచం పక్కన ప్లగ్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఇంకొకటి, తెల్లవారుజామునే లేచి ప్లాస్టిక్ కవర్లు కరకరలాడించే అలవాటు మన తరానిది. మర్నాటి బట్టలు, మాత్రలు, బ్రష్షు రాత్రే తీసి పెట్టుకోండి. చీకట్లో పెద్ద దీపం వెయ్యకుండా ఎర్రకాంతి ఉన్న హెడ్‌ల్యాంప్, అంటే తలకు కట్టుకునే చిన్న దీపం, వాడితే ఎవరి నిద్రా చెడదు, మీ చూపూ చీకటికి అలవాటు తప్పదు.

మంచం మీద సంచి పెట్టకముందు పరుపు అంచుల కుట్లు విప్పార్చి చూడండి. నల్లని చుక్కలు కనబడితే నల్లులున్నట్టే. వెంటనే గది మార్పించుకోండి లేదా బయటికి నడవండి.

సంచి గురించి ఒక్క ముక్క. నీళ్ళతో సహా మీ బరువులో పదో వంతు దాటనివ్వకండి. నడుం పట్టీ ఉన్నదే కొనండి, పట్టీ నడుము ఎముక మీద బిగిస్తే భారం చాలావరకు భుజాల మీంచి దిగిపోతుంది. స్నానానికి రబ్బరు చెప్పులు, లాకర్‌కి సొంత తాళం కావాలి. మిగతావన్నీ ఎక్కడైనా దొరుకుతాయి.

మందులు మాత్రం ఎక్కడైనా దొరకవు. రోజువారీ మాత్రలు రెండు భాగాలు చేసి, ఒకటి ఒంటిని అంటిపెట్టుకున్న చిన్న సంచిలో, మరొకటి పెద్దదాంట్లో పెట్టండి. మందులకు కంపెనీలు పెట్టే పేర్లు దేశానికోలా మారతాయి, కాబట్టి మందు అసలు రసాయన నామం డాక్టరు చీటీలో రాయించుకోండి. కొన్ని దేశాల్లో నిద్రమాత్రలకూ బలమైన నొప్పి మాత్రలకూ ఆంక్షలున్నాయి, ముందే చూసుకోవాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు ఏవీ దాచకండి. దాచిన జబ్బుతోనే ఆసుపత్రిలో చేరితే బిల్లు మీ నెత్తినే పడుతుంది. చాలా పాలసీలకు వయసు పరిమితి కూడా ఉంటుంది. నాలుగు గంటలు మించిన విమానమైనా బస్సైనా మధ్యమధ్య లేచి నడవాలి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు మన వయసులో ఎక్కువ. వయసుతో దాహం తెలియడమూ తగ్గుతుంది కాబట్టి, దప్పిక వేసినా వెయ్యకపోయినా గుక్కెడు తాగుతూ ఉండండి.

మొదటిసారి ఎక్కడికని అడుగుతారు. నడక ఓపిక ఉంటే స్పెయిన్‌లో సాంటియాగో అనే ఊరికి క్రైస్తవులు కాలినడకన వెళ్ళే యాత్రా మార్గం చూడండి. దారి పొడవునా అల్‌బెర్గేలని యాత్రికుల బసలుంటాయి. క్రెడెన్షియల్ అనే యాత్రికుల పుస్తకం చూపితే మంచమిస్తారు, ముద్ర వేస్తారు. సాధారణంగా రాత్రి పదింటికల్లా తలుపులు మూసి దీపాలు ఆర్పేస్తారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచినవాళ్ళకు చివర్లో ధ్రువపత్రం ఇస్తారు. తల నెరిసినవాళ్ళు అక్కడ కోకొల్లలు, కింది మంచం కోసం పోటీ కూడా మన వయసువాళ్ళ మధ్యే! అంత నడవలేని వాళ్ళు ఇంటి నుంచి ఒక్క పూట ప్రయాణంలో ఉన్న ఊళ్ళో రెండు రాత్రులు ఉండి చూడండి. నచ్చకపోతే మర్నాడు హోటల్‌కి మారిపోవచ్చు.

ఆ మూల బల్ల మీద నా సంచి పెట్టాను, సర్దింది సర్దినట్టే ఉంది. ఒక్కొక్కరే వచ్చి భుజానికి తగిలించుకుని, నడుం పట్టీ బిగించి, హాలు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఈలోగా ప్రశ్నలున్నవాళ్ళు చెయ్యెత్తండి.