మోకాలు ఎర్రబడలేదు, మరి ఇన్‌ఫెక్షన్ ఎలా?

"ఎర్రగా లేదు, వేడిగా లేదు, జ్వరం కూడా లేదు. ఇన్‌ఫెక్షన్ అయ్యుండదులెండి." హెచ్ఐవీ ఉన్నవాళ్ల కీళ్లనొప్పి, నడుంనొప్పి మాట వచ్చినప్పుడల్లా ఇది వింటాను. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఎరుపు, వేడి క్రిమి చేసే పనులు కావండి. క్రిమిని చూసి మన ఒళ్లు చేసే గొడవ అది. రాత్రి కాపలావాడు ఈల ఊదితే వీధంతా లేస్తుంది కదా, అలా. ఒంట్లో ఆ ఈల సిడి4 కణాల దగ్గర, అంటే రక్తంలో ఉండే ఒక రకం తెల్ల కణాల దగ్గర ఉంటుంది. అవి తామే దొంగను కొట్టవు, కొట్టేవాళ్లను పిలుస్తాయి. హెచ్ఐవీ దెబ్బతీసేది వాటినే. మామూలుగా మైక్రోలీటరు రక్తానికి 500 పైన ఉండాల్సిన వాటి కౌంట్ 200 కిందికి దిగిందంటే ఈల ఊదేవాళ్లకే కరువు. ఇల్లంతా ప్రశాంతం. దొంగ మాత్రం లోపలే ఉన్నాడు.

(స్క్రీన్ మీద: వెన్నెముక ఎంఆర్ఐ)

ఇక్కడ చూడండి, ఇది వెన్నెముకకు పట్టిన టీబీ. పక్కపక్క వెన్నుపూసలు రెండు. ఎదురెదురు అంచులు కొరికేసినట్టున్నాయి, మధ్యలో డిస్క్ సన్నబడింది. ఆ రెండు అంచులకూ రక్తం ఒకే నాళం నుంచి వస్తుంది, అందుకే టీబీ రెండింటినీ కలిపి పడుతుంది. పక్కన తెల్లటి సంచిలా ఉన్నది చీముగడ్డ. అది చర్మం కిందికి దిగినా చేతికి వేడి తగలదు. దాని పేరే కోల్డ్ ఆబ్సెస్. హెచ్ఐవీ లేనివాళ్లలోనూ టీబీ అడుగుల చప్పుడు వినపడని దొంగే. ఎక్స్‌రే బాగుందని ధైర్యపడకండి, ఎముకలో కనీసం 30 శాతం ఖనిజం పోతే గాని అందులో తేడా తెలియదు.

కౌంట్ బాగున్నా టీబీ రావచ్చు. అందరి కీళ్లనూ చెడగొట్టే స్టాఫైలోకాకస్ అనే బాక్టీరియా ఇక్కడా ఉంటుంది. కౌంట్ 100 కిందికి పోతే మాత్రం మామూలప్పుడు గుమ్మం తొక్కనివాళ్లు వస్తారు. బార్టొనెల్లా అనే బాక్టీరియా ఎముకకు చిల్లులు పెడుతుంది, ఫంగస్‌లూ చేరతాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మలుపు. ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అణిచే మందులు, మొదలైంది. కొన్ని వారాలకు మోకాలు బుస్సున వాచింది. "ఈ మాత్రలు పడలేదు" అని ఆపేస్తారు! అయ్యా, కాపలావాడికి ఊపిరొచ్చి, ఎప్పటినుంచో దాక్కున్న దొంగను చూసి ఇప్పుడు ఈల ఊదుతున్నాడు. తిరిగి లేచిన రోగనిరోధక శక్తి చేసే ఈ గొడవను ఐరిస్ (IRIS) అంటారు. గోల భరించలేక కాపలావాడిని పనిలోంచి తీసేస్తామా? దొంగెవరో పట్టుకుని మందిస్తారు, అవసరమైతే స్టెరాయిడ్‌తో గోల తగ్గిస్తారు. ఏఆర్‌టీ దాదాపు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. కీలు వాస్తే సూదితో నీరు తీసి చూడాలి. మామూలుగా అది లేత గడ్డి రంగులో, తేటగా, తీగలా సాగుతుంది. మబ్బుగా వస్తే అనుమానమే. నీరు తీయకముందే యాంటీబయాటిక్ వేసేస్తే కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోవచ్చు. వెన్నెముక టీబీకి మందులు తరచూ 9 నుంచి 12 నెలలు. టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే, హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎందుకంటే రిఫాంపిసిన్ దాన్ని ఒంట్లో నిలవనివ్వదు. ఆ లెక్క డాక్టర్ చూస్తారు, మీరు మార్చుకోకండి.

తుంటినొప్పి గురించి అడుగుతున్నారు. రక్తం అందక తుంటి ఎముక తల చచ్చుబడటం కూడా హెచ్ఐవీలో ఎక్కువే. అక్కడ దొంగ లేడు, ఇంటికి నీళ్లు కట్టేశారు. దాని మీద వేరే వీడియో చేస్తాను.