ముందు చక్రాలకూ పని చెబితే

శ్రోతలకు నమస్కారం.

కాకతీయ కాలువకు నీళ్లు వదిలి, చెరువుల కింద కరిగెట, అంటే నాట్లకు మడిని నీళ్లలో దున్ని బురద చేసే పని, మొదలైందంటే మన వరంగల్ దిక్కు ట్రాక్టర్ దిగబడని ఊరు ఉండదు. బురదలో నడిచే ఇనుప చక్రాలు, అదే కేజ్‌వీల్స్, వేసుకొని మడిలో దిగిన బండి కొంతసేపు బాగానే తిరుగుతుంది. ఎక్కడో ఊట ఉన్న జాగా తగలగానే వెనుక చక్రాలు అక్కడికక్కడే తిరుగుతూ గుంత తవ్వుకుంటాయి. ముందు చక్రాలు బురదను నెట్టుకుంటూ ఆగిపోతాయి. ఇంకో బండి రావాలి, గొలుసు వెయ్యాలి, లాగాలి. ఒడ్డు మీద నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు అననే అంటారు, "ఫోర్‌వీల్ అయితే ఇట్లయ్యేదా?" అని.

ఫోర్‌వీల్ అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి. కొత్తది కొనాలంటే లక్షల మాట. ఇంట్లో ఉన్న పాత 35 హార్స్‌పవర్ బండి ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంది. ఇటు చూస్తే ఆటోనగర్‌లలో, తుక్కు కొట్ల ముందు పాత ఫోర్‌వీల్ జీపుల ముందు యాక్సిల్స్, అంటే చక్రాలు బిగించే ఇరుసులు, తుప్పు పట్టి పడి ఉంటాయి. ఈ రెండింటినీ కలిపితే ఎట్లా ఉంటుంది? అందులో ఉన్న లెక్కేమిటో, చిక్కేమిటో ఇవాళ చెప్పుకుందాం.

మామూలు ట్రాక్టర్‌లో ముందు చక్రాలు బండిని మలుపుతాయి, అంతే. లాగే పని మొత్తం వెనుక వాటిదే. నిలబడి ఉన్నప్పుడు బండి బరువులో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ముందు యాక్సిల్ మీద ఉంటుంది. ఆ బరువు లాగడానికి ఉపయోగపడకపోగా, మెత్తటి నేలలో అదే అడ్డం పడుతుంది. ముందు చక్రాలకు కూడా తిరిగే బలం ఇస్తే ఆ బరువు కూడా లాగుడుకు పనికొస్తుంది, బురదను నెట్టే బదులు చక్రం దాని మీదికి ఎక్కుతుంది. ఫోర్‌వీల్ వల్ల ఇంజన్‌కు కొత్తగా ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు. ఉన్న శక్తి జారిపోకుండా నేలకు అందుతుంది. కొందరు ఇది మరిచిపోయి, ఫోర్‌వీల్ చేయించిన మర్నాడే పెద్ద రోటవేటర్ బేరమాడతారు.

పాత సామానుతో ఈ పని చేయడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన జీఎంసీ లారీలు యూరప్ నిండా మిగిలాయి. ఇటలీలో టురిన్ దగ్గరి సెలెనె అనే సంస్థ వాళ్లు ఆ లారీల ముందు యాక్సిల్‌ను ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్‌కు బిగించే పద్ధతి కనిపెట్టారు. గేర్‌బాక్స్‌కూ వెనుక యాక్సిల్‌కూ నడుమ బలాన్ని ముందుకు మళ్లించే గేర్ల పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ బాక్స్, ఒకటి దూర్చి, అక్కడి నుంచి ఒక షాఫ్ట్ ముందుకు తీశారు. 1956లో ఇంగ్లండ్‌లోని రోడ్‌లెస్ ట్రాక్షన్ కంపెనీ అదే పద్ధతిలో బండ్లు చేసి అమ్మింది. అదే దేశంలో జార్జ్ ప్రయర్ అనే రైతు ఇంకో అడుగు ముందుకేసి, రెండు ట్రాక్టర్ల ముందు చక్రాలు పీకేసి ఒకదాని వెనుక ఒకటి కలిపాడు. డో అనే సంస్థ దాన్ని కూడా తయారుచేసి అమ్మింది. మన మడికట్లలో ఆ పొడుగు బండి మలుపు తిరగాలంటే పక్కవాడి పొలం కూడా కౌలుకు తీసుకోవాలి.

ఇక మన సంగతి. పాత జీపు ముందు యాక్సిల్ మీదే అందరి కన్ను ఎందుకు పడుతుందంటే, దాని చక్రాల మధ్య దూరం 4 అడుగుల పైచిలుకు. చిన్న ట్రాక్టర్‌కు ఇంచుమించు సరిపోతుంది. రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు, అదే డిఫరెన్షియల్, కూడా నడిమిట్ల కాకుండా ఒక పక్కకు ఉంటుంది కాబట్టి ఇంజన్ కింది చాంబర్‌కు తగలకుండా షాఫ్ట్ పక్కనుంచి పోతుంది. "జీపుది ట్రాక్టర్‌కు ఆగదు" అనే మాట తరచుగా వింటాం. అది సగమే నిజం. ముందు చక్రానికి నేల మీద ఎంత పట్టు దొరుకుతుందో, యాక్సిల్ మీద అంతే బలం పడుతుంది. చిన్న బండి, ముందు బరువు తక్కువ, బురద నేల అయితే ఆగుతుంది. అదే బండికి ముందు లోడర్ తగిలించినా, బరువు దిమ్మలు వేలాడదీసినా, గట్టి నేలలో పెద్ద నాగలి లాగినా లోపలి షాఫ్ట్ పుటుక్కున తెగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చక్రం మలిగే చోట ఉన్న గుండు దగ్గర జీపుకు ఉండేది రోడ్డు దుమ్మును ఆపే సీలే. కరిగెట నీళ్లలో రోజంతా మునిగి ఉంటే లోపల గ్రీజు ఉండదు, బురదే ఉంటుంది.

నన్నడిగితే, అదే కంపెనీ ఫోర్‌వీల్ ట్రాక్టర్ ఎక్కడన్నా బోల్తాపడో, ఇంజన్ పోయో తుక్కుకు వచ్చిందేమో ముందు వెతకండి. కొన్ని మోడళ్లలో టూవీల్‌కూ ఫోర్‌వీల్‌కూ గేర్‌బాక్స్ హౌసింగ్ ఒకటే ఉంటుంది, ముందుకు షాఫ్ట్ తీసే గేర్ల పెట్టె, అంటే డ్రాప్ బాక్స్, వచ్చే చోట ఒక రేకు మూత బిగించి వదిలేస్తారు. అట్లాంటి బండి మీదైతే యాక్సిల్, బాక్స్, షాఫ్ట్ మూడూ ఒకే చోట కొనుక్కోవచ్చు. రేటు ఎక్కువే పడుతుంది, కానీ ఇప్పుడు చెప్పబోయే లెక్కల తలనొప్పి తప్పుతుంది.

ఈ పనికి గుండెకాయ లెక్కే. ముందు చక్రం చిన్నది, వెనుకది పెద్దది. రెండూ ఒకే నేల మీద ఒకే వేగంతో పోవాలంటే చిన్నది ఎక్కువ సార్లు తిరగాలి. ఎన్ని సార్లు అన్నది టైరు మీద రాసిన సైజు చూసి అంచనా వేయొద్దు. గట్టి నేల మీద టైరుకు సుద్దతో గీత పెట్టి, బండిని నెమ్మదిగా నడిపి, 10 చుట్లకు ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. వెనుకది 40 మీటర్లు, ముందుది 25 మీటర్లు పోయిందనుకుందాం. అంటే వెనుకది ఒక చుట్టు తిరిగేలోపు ముందుది 1.6 చుట్లు తిరగాలి. దానికి తోడు ముందు చక్రం నూటికి రెండు మూడు వంతులు ఎక్కువే నడవాలి. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి వెనక్కి గుంజితే ఎట్లా ఉంటుందో, ముందు చక్రం మందగిస్తే అట్లా ఉంటుంది. అది లాగడం మాని బ్రేకు పట్టడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువ తిరిగినా కష్టమే, టైర్లు గీకుకుపోతాయి, గేర్ల మీద బిగువు పడుతుంది. అందుకని 1.6 కాస్త పెంచి 1.65 అనుకుందాం.

గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ 20 చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందనుకోండి. ముందు చక్రానికి ఆ 20ని 1.65తో భాగించాలి, 12 పైచిలుకు వస్తుంది. జీపు యాక్సిల్ విప్పి పళ్లు లెక్కపెట్టండి. పెద్ద గేరు క్రౌన్‌కు 43, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8 ఉంటే ఆ యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్లు, 5.38. పన్నెండు పైచిలుకును దాంతో భాగిస్తే రెండుంబావు. అంటే మధ్యలో పెట్టే బాక్స్‌లో 16 పళ్ల గేరు 36 పళ్ల గేరును తిప్పాలి. మీ బండి అంకెలు వేరే ఉంటాయి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే. వెనుక రేషియో చూసేటప్పుడు రెండు చక్రాలూ పైకి లేపి, రెండింటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేసి చూడండి. ఒక్క చక్రమే లేపితే అది రెండింతలు తిరిగి లెక్క మొత్తం తారుమారు చేస్తుంది.

ఇంత కష్టపడి కలిపిన లెక్కను మన దగ్గర చెడగొట్టేవి రెండున్నాయి. ముందు టైరు గడ్డలు రెండు సెంటీమీటర్లు అరిగితే ఆ చక్రం ఒక్కో చుట్టుకు 12 సెంటీమీటర్ల దాకా తక్కువ నడుస్తుంది. మనం కలుపుకున్న మిగులు అక్కడికే పోయి, ఇంకా తక్కువ పడుతుంది. రెండోది కేజ్‌వీల్. వెనుక టైరు తీసేసి దాని జాగాలో ఇంకో కొలత ఇనుప చక్రం వేశారంటే, టైరుతో చేసిన లెక్క దానికి వర్తించదు. కరిగెట కోసమే ఫోర్‌వీల్ చేయించేవాళ్లు కేజ్‌వీల్ వేసి కొలుచుకోవాలి, లేదంటే టైరు పక్కన బిగించి, చుట్టుకొలత టైరుతో సమానంగా వచ్చే అర కేజ్‌వీల్ చేయించుకోవాలి. ఈ మాట లేత్ మిషన్ దగ్గర ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

షాఫ్ట్ ఎక్కడి నుంచి తీయాలన్న దగ్గర కూడా తప్పు జరుగుతుంది. వెనుక పనిముట్లను తిప్పే షాఫ్ట్, అదే మామూలు పీటీవో, ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, గేరు మార్చినా దాని వేగం మారదు. దానికి ముందు చక్రాలు కలిపితే ఒక్క గేరులో తప్ప ఇంకే గేరులోనూ పొత్తు కుదరదు. గేర్‌బాక్స్ దాటిన తర్వాతి షాఫ్ట్ నుంచే తీయాలి. తిరిగే దిక్కు కూడా చూసుకోవాలి. మధ్యలో గేర్ల సంఖ్యను బట్టి షాఫ్ట్ ఎదురు తిరిగితే వెనుక చక్రాలు ముందుకు, ముందు చక్రాలు వెనక్కి పోతాయి. అట్లా వస్తే బాక్స్‌లో ఇంకో గేరు చేర్చాలి. యాక్సిల్‌ను తలకిందులు చేసి బిగించే ఉపాయం చెప్పేవాళ్లున్నారు, కానీ పినియన్ బేరింగ్‌కు ఆయిల్ అందదు.

యాక్సిల్ బిగింపు దగ్గర ఒకటి గుర్తుంచుకోవాలి. జీపుకు కింద ఛాసిస్ అనే ఇనుప చట్రం ఉంటుంది, స్ప్రింగు పట్టాలు ఉంటాయి. ట్రాక్టర్‌కు ఇంజనూ గేర్‌బాక్సే ఒంటి ఎముకలు, అవి పోత ఇనుమువి. వాటికి నేరుగా వెల్డింగ్ పెడితే చీలుతాయి. ముందు యాక్సిల్ తోపు మొత్తం ఇంజన్ ముందు బోల్టుల మీద పడకుండా, ఇరుపక్కలా గట్టి ఛానల్ వేసి క్లచ్ హౌసింగ్ దాకా తీసుకుపోయి బోల్టులతో బిగించాలి. యాక్సిల్ నడుమ పిన్ను మీద అటూ ఇటూ ఊగాలి, ఒడ్డు ఎక్కినప్పుడు నాలుగు చక్రాలూ నేలను అంటుకొని ఉండేది ఆ ఊగుడు వల్లనే. పవర్ స్టీరింగ్ లేకుంటే ఈ పని మొదలుపెట్టకండి, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. తిరిగే షాఫ్ట్‌కు రేకు కవచం తప్పనిసరి, లుంగీ కట్టుకొని బండి నడిపే మన దగ్గర మరీ తప్పనిసరి.

చట్టం మాట కూడా చెప్పాలి. ట్రాక్టర్ ఆర్టీవో దగ్గర రిజిస్టర్ అయిన వాహనం. కంపెనీ ఇచ్చిన తీరును, ఆర్‌సీలో ఉన్న వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా పేచీ వస్తుంది. అందుకే తుక్కు కొట్టుకు పోకముందే ఆర్టీవో ఆఫీసుకు పోయి అడగండి.

పత్తి, మిర్చి చెలకల్లోనే తిరిగే బండికి ఇదంతా అక్కర్లేదు. వెనుక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపితే, గాలి సరిగ్గా ఉంచుకుంటే దుక్కిలో జారుడు చాలావరకు తగ్గుతుంది. కరిగెటకు మాత్రం ఆ నీళ్ల బరువు పనికిరాదు, బండి ఇంకా లోతుకు పోతుంది. దిగబడ్డ బండి వెనుక చక్రాలకు దుంగ కట్టి బయటికి తీసే పని ఎవరూ చేయకండి. దుంగ అడ్డం పడి చక్రాలు ఆగిపోతే ముందు భాగం పైకి లేచి, బండి నడిపేవాడి మీదికే తిరగబడుతుంది.

ఫోర్‌వీల్ చేయించుకున్నవాళ్లకు ఒక్క మాట. తారు రోడ్డు ఎక్కేముందు ముందు చక్రాల లివర్ తీసేయండి. గట్టి రోడ్డు మీద చక్రం జారదు కాబట్టి బిగువంతా గేర్లలో పేరుకొని, తర్వాత తీద్దామన్నా లివర్ రాదు. రాడ్డు పెట్టి గుంజకండి. నాలుగు గజాలు రివర్స్ పోనిస్తే బిగువు వదిలి, లివర్ చేతికి అదే వస్తుంది.

ఉంటాను, నమస్కారం.