సీరియల్ టైంలో వైరు తెగితే

పెద్దలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం. నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా కేబుల్ నడిపాను. టీవీ టైం టేబుల్ గురించి నన్ను మాట్లాడమన్నది అందుకే అనుకుంటాను.

నా దగ్గర రేటింగ్ మీటర్ లేదు, ఫోన్ ఉండేది. రాత్రి ఎనిమిదింటికి వైరు తెగితే ఎనిమిదీ రెండుకల్లా మోగేది. ఏ సీరియల్ బాగా ఆడుతోందో తిట్లను బట్టి చెప్పేవాడిని. మొన్న వానాకాలంలో రామగిరి వైపు సరిగ్గా అదే టైంలో రెండు గంటలు సిగ్నల్ పోయింది. మూడే ఫోన్లు వచ్చాయి.

ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. మన దగ్గర వీసీఆర్ కథ వేరు. అద్దెకు తెచ్చి, వాకిట్లో పెట్టి, తెల్లవార్లూ మూడు సినిమాలు చూసి పొద్దున్నే తిరిగి ఇచ్చేవాళ్లం. అందులో రికార్డు మీట ఉందని తెలుసు, నొక్కినవాళ్లు తక్కువ. ఆ మెట్టు ఎక్కకుండానే, 2016లో డేటా చవకయ్యాక, నేరుగా ఫోన్లోకి దూకాం.

అసలు మన పల్లెల్లో టైం టేబుల్ రాసింది చానెళ్లు కాదు, కరెంటు. మోటారుకు రాత్రి కరెంటు ఇస్తే మగవాళ్లు బాయి దగ్గరే ఉండేవారు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చేదాకా మా బావ ఒక్క సీరియల్ కూడా వరుసగా చూసి ఎరగడు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని నిన్నటిది చూస్తాడు. ‘జరిగిన కథ’ దగ్గర, ఒక్కొక్కరి ముఖం మూడేసిసార్లు చూపించే దగ్గర వేలితో ముందుకు తోసేస్తాడు. అరగంట సీరియల్ ఆయనకు పది నిమిషాల పని.

చానెళ్లకు గట్టి దెబ్బ తగిలింది ఇంకోచోట. బాగా ఆడే సీరియల్ వెనకే కొత్తదాన్ని పెట్టేవారు. ఆవు వెనక దూడలా అదీ నడిచేది. లేచి రిమోట్ వెతకడానికి మనకుండే బద్ధకమే దాని పెట్టుబడి. ఫోన్లో ఒక ఎపిసోడ్ అయితే దాని తర్వాతి ఎపిసోడే వస్తుంది, పక్క సీరియల్ రాదు. పైగా 2020లో చానెల్ వాళ్లదే ఒక యాప్, డబ్బు కట్టినవాళ్లకు టీవీ కన్నా ముందే, పొద్దున్నే సీరియళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రాత్రి ఎనిమిదింటి కింద గొయ్యి తవ్వింది బయటివాళ్లు కాదు.

క్రికెట్ సంగతి వేరు. రేపు చూద్దామంటే స్కోరు ఎవడో ఒకడు చెప్పేస్తాడు. అందుకే 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్‌కు మన దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లు పలికాయి. అయితే డిజిటల్ హక్కులు కూడా 20,500 కోట్లు పలికాయి, అది మరిచిపోకండి.

ఆ మూడు ఫోన్లన్నాను కదా, అందులో ఒకటి మా వీధి పెద్దమ్మది. “నీ మనవడి ఫోన్లో పొద్దున్నే వస్తుంది కదా పెద్దమ్మా” అన్నాను.

“పొద్దుగాలనే చూసిన బిడ్డా. పక్కింటామె ఇప్పుడే వచ్చి కూసున్నది. జల్ది వైరు అతికియ్యి.”