కడుపులో కవలలా? మాయ ఒకటా రెండా అని ముందే అడగండి

హాయ్ అండి, స్కాన్‌లో కవలలు అని చెప్పగానే ఇంట్లో అందరూ సంబరపడిపోతారు, చుట్టాలకి ఫోన్లు మొదలైపోతాయి, కానీ ఆ రోజే డాక్టర్‌ని ఒక మాట తప్పకుండా అడగాలి, ఇద్దరికీ మాయ (ప్లాసెంటా) ఒకటేనా, వేరువేరా అని.

ఇది బాగా తెలిసేది 11 నుంచి 14 వారాల మధ్య, అంటే బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసే ఎన్‌టీ స్కాన్ అప్పుడు.

(స్క్రీన్ మీద స్కాన్ ఫొటో)

ఇదిగో ఇక్కడ చూడండి, ఇద్దరి మధ్య పొర మాయని తాకే చోట మందంగా ముక్కోణంలా ఉంది కదా, అంటే మాయలు రెండు. ఈ రెండో ఫొటోలో పొర సన్నగా వచ్చి నిటారుగా తాకింది, ఇక్కడ మాయ ఒకటే, రిపోర్ట్‌లో మోనోకోరియానిక్ అని రాస్తారు. నెలలు నిండేకొద్దీ ఈ తేడా పట్టుకోవడం కష్టం, అందుకే ఆ స్కాన్ అస్సలు మిస్ అవ్వొద్దు.

ఒకే మాయ అయితే ఏమవుతుందంటే, లోపల ఇద్దరి రక్తనాళాలు కలిసి ఉంటాయి, కొందరిలో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి ఎక్కువగా పోతూ ఉంటుంది, ఇచ్చే బిడ్డకి యూరిన్ తగ్గి ఉమ్మనీరు తగ్గిపోతుంది, తీసుకునే బిడ్డకి ఉమ్మనీరు పెరిగిపోయి గుండె మీద కూడా భారం పడుతుంది. దీన్నే టీటీటీఎస్, అంటే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్ అంటారు, ఒకే మాయ ఉన్న ప్రెగ్నెన్సీల్లో 100కి 10 నుంచి 15 వరకు వస్తుంది.

అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేస్తారు. ఒక బిడ్డ దగ్గర ఉమ్మనీరు లోతు 2 సెంటీమీటర్లలోపు, ఇంకో బిడ్డ దగ్గర 8 దాటితే టీటీటీఎస్ అని అనుమానిస్తారు, బిడ్డ మూత్రాశయం కనపడుతుందా, డాప్లర్‌లో బొడ్డుతాడు రక్తం సరిగా పారుతుందా అని కూడా చూస్తారు. మొన్నే చేశారుగా, మళ్ళీ స్కానా, బిడ్డకి మంచిది కాదేమో అని పెద్దవాళ్ళు అంటుంటారు, వాళ్ళ భయం అర్థం చేసుకోవచ్చు కానీ ఇది ఎక్స్‌రే కాదండి, శబ్ద తరంగాలతో చేసేది, రేడియేషన్ ఉండదు.

టైమ్‌కి దొరికితే, సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి ఆ కలిసిన నాళాల్ని లేజర్‌తో మూసేస్తారు, హైదరాబాద్‌లో కూడా ఫీటల్ మెడిసిన్ డాక్టర్లు చేస్తున్నారు. ఇద్దరూ దక్కుతారని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, కానీ వదిలేస్తే ఇద్దరికీ ప్రమాదమే.

రెండు మూడు రోజుల్లోనే పొట్ట బాగా పెరిగి బిగుసుకుపోయినట్టున్నా, ఆయాసం వస్తున్నా, నెక్స్ట్ అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లి స్కాన్ చేయమని అడగండి.